ఎండిన చెరువుకూ పిట్టలుంటాయి

చెరువు నిండితేనే పిట్టలొస్తాయని మా కురిచేడు వైపు అనుకుంటాం. అది సగమే నిజం. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువునే తీసుకోండి. లోతు నీళ్లు నీటికాకులకు, గూడబాతులకు కావాలి గానీ, ఒడ్డున నడిచి మేసే కొంగలకు, చలికాలంలో వచ్చే ఉల్లంకులకు కాదు. కాళ్లు అందినంత లోతులోనే వాటి మేత. నీరు తగ్గి బురద బయటపడ్డాకే పురుగులు, నత్తలు దొరుకుతాయి. పూర్తిగా ఎండితే చేపలు తినేవి వెళ్లిపోతాయి కదా అంటారు, ఒప్పుకుంటాను. కానీ తీతువు ఎండాకాలంలోనే, గూడు అల్లకుండా, గులకరాళ్ల నేల మీద గుడ్లు పెడుతుంది. అందుకే సంక్రాంతికి ఒక్కసారి పిట్టలను లెక్కపెట్టి చెరువు విలువ తేల్చడం సరికాదు. ఎండిన చెరువులో పూడిక తీయొద్దనడం లేదు, రైతుకు అది అవసరం. తవ్వే ముందు చెరువు అంచులు ఒకసారి నడిచి చూడండి. ఆ గుడ్లు రాళ్ల రంగులోనే ఉంటాయి.