కాడి బరువు

మనిషి ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ఎక్కడికి పోతున్నాడో ఆలోచించినంతగా, ఏమి మోసుకుపోతున్నాడో ఆలోచించడు. మోసుకుపోయేదాన్ని ఎక్కడ సర్దాలో అసలే ఆలోచించడు. నేనూ అటువంటివాణ్ణే. నాకు బుద్ధి చెప్పింది మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న ఒక చిన్న ఇనుప బండి.

ఉద్యోగరీత్యా నేను అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో స్థిరపడ్డాను. ఆ రాష్ట్రానికి పడమటి దిక్కున అప్పలాచియన్ పర్వతశ్రేణి ఉంది. వర్జీనియా నుంచి మొదలై ఆ కొండల మీదుగా 469 మైళ్ళ పొడవున, అంటే సుమారు 755 కిలోమీటర్లు, బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే రహదారి సాగిపోతుంది. 1935లో ఆరంభమైన దాని నిర్మాణం 1987లో గాని పూర్తికాలేదు. సరుకు లారీలకు అక్కడ ప్రవేశం లేదు. గంటకు 45 మైళ్ళకు మించి వేగం పనికిరాదు. దారి పొడవునా అక్కడక్కడ గుడారాలు వేసుకోవడానికి స్థలాలున్నాయి. మోటారుసైకిల్ మీద ఆ దారిన వెళ్ళి, నాలుగు రాత్రులు అడవిలో గడపాలని నాకూ నా భార్యకూ చిరకాల వాంఛ. అయితే ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నేలమీద పడుకుంటే లేవడం కష్టం. మడత మంచాలు కావాలి, కుర్చీలు కావాలి. మోటారుసైకిల్‌కు అటూ ఇటూ ఉండే పెట్టెలలో అవి పట్టవు. అందుకే వెనుక తగిలించుకునే చిన్న ట్రైలర్ బండి కొన్నాను.

మోటారుసైకిల్ వెనుక బండి కట్టడం మన ఊళ్ళలో చూడము. అమెరికాలో అది వింత కాదు. అయినా అనేక మోటారుసైకిల్ కంపెనీలు ఆ పని చేయవద్దనే హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరికలోని సత్యం నాకు కొంత ఆలస్యంగా బోధపడింది.

విడిభాగాలుగా వచ్చిన ఆ బండిని కారు షెడ్డులో నెలరోజులపాటు నా అవసరానికి తగినట్లు మార్చుకున్నాను. దానితో వచ్చిన చక్రాలు 8 అంగుళాలవి. చక్రం చిన్నదైనకొద్దీ అదే దూరానికి ఎక్కువసార్లు తిరగాలి. బేరింగులు త్వరగా వేడెక్కుతాయి. కనుక 12 అంగుళాల చక్రాలు వేశాను. ఎక్కువ బరువుకోసం తయారైన కమాన్ పట్టీలు తేలిక సామానుకు మరీ బిరుసుగా ఉండి బండిని ఎగరవేస్తాయని, ఇరువైపులా ఒక్కొక్క పట్టీ తీసివేశాను. నిలకడకోసం నొగను అడుగున్నర పొడిగించాను. మోటారుసైకిల్ మలుపులో ఒరుగుతుంది, వెనుక బండి ఒరగదు. అందువల్ల రెండింటినీ కలిపేచోట గుండ్రంగా తిరిగే కొక్కెం బిగించాను. ఒకవేళ కొక్కెం ఊడితే నొగ నేలను తాకకుండా కింద రెండు గొలుసులు అడ్డదిడ్డంగా కట్టాను. ప్లైవుడ్‌తో పెట్టె చేసి, రంగు వేసి, వాన నీరు చొరకుండా తలుపు అంచులకు రబ్బరు అంటించాను. వెనుక ఎర్రదీపాలు వెలిగినప్పుడు నా పనితనానికి నేనే మురిసిపోయాను.

2018 మే నెలలో బయలుదేరాము. గుడారం, మంచాలు ముందు తోసి, దిగగానే అందుబాటులో ఉండాలని మంచుపెట్టెనూ రెండు నీళ్ళ డబ్బాలనూ వెనుక తలుపు పక్కనే పెట్టాను. కొండదారికి చేరకముందే, ఒక ఏటవాలు రహదారిమీద గంటకు 65 మైళ్ళ వేగంతో దిగుతుండగా, పక్కనుంచి ఒక పెద్ద లారీ దూసుకుపోయింది. ఆ గాలి తాకిడికి వెనుక బండి ఒక్కసారి ఎడమకు ఊగింది, తరువాత కుడికి, మళ్ళీ ఎడమకు, మునుపటికంటే ఎక్కువగా. కుక్క తోక ఆడించినట్లు కాదు, తోకే కుక్కను ఆడించినట్లుంది. నా భార్య చేతులు నా నడుము చుట్టూ బిగుసుకున్నాయి. బ్రేకు గట్టిగా నొక్కబోయి నిగ్రహించుకున్నాను. అలా నొక్కితే వెనుక బండి మమ్మల్ని పక్కకు తోసివేసేది. హ్యాండిల్‌ను తిన్నగా పట్టుకుని, వేగాన్ని మెల్లగా తగ్గించాను. ఊపు క్రమంగా సద్దుమణిగింది. దారి పక్కన ఆగిన తరువాత చాలాసేపు ఇద్దరమూ మాట్లాడుకోలేదు. చివరకు ఆమె, "ఇంటికి పోదాం" అన్నది. నింపాదిగా నడుపుకుంటూ వెనుదిరిగాము.

ఆ రాత్రి గుంటూరు జిల్లాలోని మా ఊరికి ఫోన్ చేశాను. నాన్నగారికి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటాయి. జరిగినదంతా విని, ఆయన ఒకే మాట అడిగారు: "ఏరా, కాడి బరువు చూశావా?"

ఆ మాటతో నలభై ఏళ్ళనాటి ఒక మధ్యాహ్నం నా కళ్ళముందు నిలిచింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఎడ్లను కట్టిన బండిలోకి ఎరువు బస్తాలు ఎక్కించమన్నారు. లోపలిదాకా జరపడానికి బద్ధకించి, అన్నీ వెనుకవైపే పేర్చాను. ఆఖరి బస్తా పడగానే కాడి పైకి లేచింది. మెడతాళ్ళు బిగుసుకుని ఎద్దుల కళ్ళు తేలవేశాయి. నాన్నగారు పరుగున వచ్చి నొగలమీదికి దూకి, తన శరీరభారంతో కాడిని కిందికి దించారు. నన్ను కొట్టలేదు. ఎద్దు మెడ నిమురుతూ, "బరువు మోయవలసింది ఇరుసురా, ఎద్దు మెడ కాదు. అట్లాగని మెడమీద కొంచెమన్నా బరువు లేకపోతే బండి ఎద్దు మాట వినదు" అన్నారు.

తరువాత నేను కళాశాలలో గరిమనాభి గురించి చదివాను. పరీక్షలలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. కాని ఎద్దుల బండికీ నా చదువుకూ సంబంధం ఉన్నదని ఏనాడూ అనుకోలేదు. పట్నపు చదువు వంటబట్టాక, బండి తోలడం నేర్చుకోమంటే చిన్నతనంగా భావించాను.

మరునాడు ఇంట్లో బరువు చూసుకునే యంత్రాన్ని షెడ్డులోకి తెచ్చి, ఇటుకలమీద పెట్టి, కొక్కెం ఎత్తుకు సరిచేసి, నొగ కొనను దానిమీద ఆనించాను. సామానుతో కలిపి బండి బరువు 140 కిలోలు. నొగమీద పడుతున్నది 4 కిలోలు మాత్రమే! మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా నొగమీద ఉండాలని నిపుణులు చెబుతారు. వెనుక బరువెక్కువైతే నొగ పైకి లేచి, మోటారుసైకిల్ వెనుక చక్రానికి నేలమీద పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు నెడితే ఆ చక్రమే అణగిపోతుంది.

అన్నీ దింపి మళ్ళీ సర్దాను. మంచుపెట్టె, నీళ్ళు, పనిముట్లు ఇరుసుకు కాస్త ముందుగా, అడుగున. మంచాలు వాటి పక్కన. గుడారం, దుప్పట్లు వంటి తేలిక వస్తువులు పైనా వెనుకా. రెండో పొయ్యి, ఇనుప పెనం, 'ఎందుకైనా మంచిది' అని పెట్టుకున్న మరి కొన్ని వస్తువులు ఇంట్లోనే ఉండిపోయాయి. అయినా వాటి స్థానంలో వేరే సామాను చేరి మొత్తం బరువు దాదాపు అంతే ఉంది. ఈసారి యంత్రం 17 కిలోలు చూపింది. ఆ సంగతి నాన్నగారికి చెప్పాను.

"ఎంతలో?" అన్నారు.

"నూటనలభైలో."

"బాగానే ఉంది. కందెన పెట్టావా?"

"పెట్టాను."

"అయితే కట్టుకో."

నా భార్య నన్నేమీ ప్రశ్నించలేదు. "మామయ్యగారు సరేనన్నారా?" అని మాత్రం అడిగింది. అవునన్న తరువాతనే శిరస్త్రాణం చేతిలోకి తీసుకున్నది.

జూన్‌లో మళ్ళీ బయలుదేరాము. జూలియన్ ప్రైస్ అనేచోట గుడారం వేసుకున్నాము. మర్నాడు సామానుతోనే అక్కడికి కొన్ని మైళ్ళ దూరంలో, గ్రాండ్‌ఫాదర్ అనే పర్వతాన్ని చుట్టుకుంటూ సాగే 1,243 అడుగుల లిన్ కోవ్ వంతెనను దాటాము. పేరుకు తగినట్లు తాతగారి భుజం ఎక్కినట్లే ఉన్నదా దారి. అంత మెలికలోనూ వెనుక బండి ఊగలేదు. సాధువైన దూడలాగా వెంట వచ్చింది. ఆ రాత్రి చీకటి పడ్డాక దాని వెనుక ఎర్రదీపాలు చూస్తుంటే, గుంటూరుకు మిరప బస్తాలతో రాత్రివేళ బయలుదేరిన మా బండి, దాని కింద ఊగే లాంతరు గుర్తుకువచ్చాయి.

2021లో నాన్నగారు కన్నుమూశారు. 2024 సెప్టెంబరులో వచ్చిన హెలీన్ తుపాను ఆ కొండదారిని కూడా అనేకచోట్ల ధ్వంసం చేసింది. బండి మాత్రం మా షెడ్డులో భద్రంగా ఉంది. తలుపు లోపలివైపున తెల్లరంగుతో 'కాడి 17' అని రాసుకున్నాను. చూసినవారు అదేమిటని అడుగుతుంటారు.

ప్రతి ప్రయాణానికి ముందూ నొగను యంత్రంమీద ఆనిస్తాను. ముల్లు పదిహేడు దగ్గర నిలిచినప్పుడు, నొగలమీద నాన్నగారు నిలబడినట్లే ఉంటుంది.