3664 నంబరు మచ్చ

మే 9, 2024, గురువారం

2022 అక్టోబరు గ్రహణానికి కొన్న అట్ట కళ్ళద్దాలు బీరువా మీద దొరికాయి. డాబా ఎక్కి చూస్తే, దుర్భిణి అక్కర్లేకుండానే సూర్యుడి మీద నల్ల మచ్చ ఆనింది. భూమిలాంటివి పదిహేను వరసగా పేర్చినంత పొడవట. నంబరు 3664.

మే 10, శుక్రవారం

అక్షయ తృతీయ. ఇంట్లోవాళ్ళు బంగారం కొట్టుకి, నేను రేడియో ముందుకి. పన్నెండు దాటాక 20 మీటర్ల బ్యాండ్‌లో ఇండోనేషియా స్టేషన్ ఒకటి మోర్స్‌లో పిలుస్తోంది. సగం కాల్‌సైన్ రాసుకున్నానో లేదో, చుక్కా లేదు, గీతా లేదు. ఉత్త హోరు. సూర్యుణ్ణి కనిపెట్టే గోస్ ఉపగ్రహం గ్రాఫు చూస్తే ఆ మచ్చ నుంచి ఎక్స్-3.9 జ్వాల (ఎక్స్ అంటే అన్నిటికంటే పై తరగతి). దాని ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వచ్చిపడి అయనావరణం కింది పొరను చిక్కబరుస్తాయి. షార్ట్‌వేవ్‌ను ఆ పొర మింగేస్తుంది. పగలున్న వైపే ఈ బాధ.

అసలు సంగతి వెనకాల వస్తోంది. అమెరికాలో బోల్డర్‌లోని అంతరిక్ష వాతావరణ కేంద్రం జీ-4 అయస్కాంత తుపాను రావచ్చంది. 2005 జనవరి తర్వాత ఆ స్థాయి ముందస్తు సూచన ఇదే. వరసగా ఎగసిన ప్లాస్మా మబ్బులు ఎప్పుడొస్తాయో కొన్ని గంటల తేడాతో చెప్పగలరు. వాటిలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉందా, దక్షిణానికా అన్నది మాత్రం ఇక్కణ్ణుంచి చెప్పలేరు. దక్షిణమైతేనే భూమి క్షేత్రంతో ముడిపడి శక్తి లోపలికి దూరుతుంది. పెళ్ళివారు బయల్దేరారని కబురొస్తుంది, ఏ మొహం పెట్టుకొస్తున్నారో గుమ్మం దగ్గరే తెలుస్తుంది. ఆ గుమ్మం సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన, ఎల్-1 అనే బిందువు దగ్గర. మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య కూడా జనవరి నుంచి అక్కడే ఉంది. అక్కడ దిక్కు తెలిశాక మనకు మిగిలే వ్యవధి గంట లోపే. ఇన్ని ఉపగ్రహాలు పెట్టుకుని గంట! అయినా అదే గొప్ప అనుకోవాలి.

రాత్రి పదిన్నరకు మొదలైంది.

మే 11, శనివారం

తెల్లవారుజామున తుపాను పైమెట్టు జీ-5కి చేరింది. 2003 అక్టోబరు తర్వాత ఇదే. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశమంతా చూసే కెమెరాకు ఉత్తర దిక్కున ఎర్రటి కాంతి చిక్కింది. అమెరికాలో విత్తే అదనులో జీపీఎస్ గతి తప్పి ట్రాక్టర్లు ఆగిపోయాయట. ఆరోరా ఫొటోలు పంచుకునేవాళ్ళలో ఈ రైతుల గోల ఎవరికి పట్టింది?

మనకు ఏడు కాకముందే ఎక్స్-5.8. బ్యాండ్ మళ్ళీ పడుకుంది.

మే 13, సోమవారం

పోలింగ్. క్యూలో గంటన్నర. రేడియో ముట్టలేదు.

మే 15, బుధవారం

నిన్న రాత్రి 10:21కి అదే మచ్చ ఎక్స్-8.7 విసిరింది. ఈ సౌరచక్రంలో ఇప్పటిదాకా అన్నిటికంటే పెద్దది. మనకు చీకటి కాబట్టి షార్ట్‌వేవ్‌కి ఏమీ కాలేదు. మచ్చ పడమటి అంచుకు చేరింది కాబట్టి మబ్బు గురీ మన మీద లేదు. జ్వాల పెద్దదైతే తుపాను పెద్దదని టీవీవాళ్ళకు ఎవరు చెప్పారో!

అది సూర్యుడి వెనక నుంచి తిరిగి నెలాఖరుకు తూర్పు అంచున కనబడాలి, ఆపాటికి అరిగిపోకపోతే. ఈలోగా 15 మీటర్ల బ్యాండ్‌కి కొత్త వైరు కట్టాలి.