మా ఇంట్లో ఇద్దరు లిల్లీలు

మన హాస్టల్లో సాయంత్రం హాజరు పిలుస్తుంటే మేము వెనక వరసలో నవ్వుకునేవాళ్లం. పద్మ, కమల, సరోజ... మూడూ తామరపువ్వే కదా అని. "లలిత" అన్నప్పుడు మాత్రం ఎవరూ పలికేవారు కాదు. రెండోసారి పిలిచాక మా చెల్లి ఉలిక్కిపడి "ప్రెజెంట్ మేడం" అనేది. ఇంట్లో దాని పేరు లిల్లీ. బడిలో చేర్చుకున్న మాస్టారు "ఇంగ్లీషు పేర్లు మీకెందుకమ్మా" అంటూ లలిత అని రాసేశారు. అమ్మ నోరు మెదపలేకపోయింది.

నిజానికి అమ్మకు ఇంగ్లీషు రాదు. కడియపులంక పూల మార్కెట్టులో దండలు కట్టే కూలి. అక్కడ లిల్లీ అంటే నేలసంపెంగ, కాటా వేసి అమ్మే విడిపువ్వు. చెల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ అమ్మ చేతులకు ఆ వాసనే. అందుకే ఆ పేరు. (ఇంగ్లీషువాళ్ల లిల్లీ వేరే పువ్వు. మన నేలసంపెంగ పుట్టిల్లు మెక్సికో!)

పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు చెల్లి పట్టుబట్టింది. అమ్మ రెండు రోజుల కూలి మానుకుని బడి చుట్టూ తిరిగి లిల్లీ అని మార్పించింది. ఈసారి నోరు విప్పింది.

మా ఇంట్లో డిగ్రీ పాసైంది మేమే మొదలు. ఎం.ఏ. ఇంగ్లీషులో చేరాక ఈ పేర్ల సంగతి వెతికాం. ఇంగ్లండులో లిల్లీ, డైసీ, వయొలెట్ వంటి పేర్ల మోజు బాగా పెరిగింది 19వ శతాబ్దం చివర్లోనట. డైసీ అయితే మార్గరెట్‌కు ముద్దుపేరు, ఫ్రెంచిలో మార్గరీట్ అంటే ఆ పువ్వే కాబట్టి. రోజ్ మొదట్లో పువ్వే కాదు. పాత జర్మన్ భాషలో కీర్తి అనే అర్థమున్న మాటతో మొదలయ్యే పేరది, తర్వాత గులాబీ అయింది.

ఆ పేజీల్లోనే సూసన్న కనిపించింది. లూకా సువార్తలో ఉన్న పేరు. హీబ్రూ 'షోషన్నా' నుంచి వచ్చింది. అర్థం, లిల్లీ పువ్వు.

మా అమ్మ పేరు సూసన్నమ్మ. అమ్మమ్మ పేరు పెంటమ్మ. ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని దిష్టి తగలకుండా పెట్టిన పేరు. తన కూతురికి అలాంటి పేరు వద్దని, పాస్టరుగారిని అడిగి మరీ పెట్టించుకుంది.

ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాం. "అయితే నా పేరే దానికి పెట్టానన్నమాట" అని అమ్మ నవ్వింది. "మీ అమ్మమ్మ ఉండుంటే ఎంత మురిసిపోయేదో" అంది. ఇంకా చెప్పబోతుంటే, తెల్లారుజామునే మార్కెట్టుకి పోవాలని పెట్టేసింది.