విల్లు ఒక సైజు పెద్దది వద్దు



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఒక అమ్మగారు, "మేడమ్, మా బాబు ఆర్చరీ నేర్చుకుంటానంటున్నాడు. తక్కువలో ఒక చెక్క విల్లు చేయిద్దామనుకుంటున్నాం. మీ తమ్ముడు నేర్చుకున్నాడట కదా, ఎలాంటిది తీసుకోమంటారు?" అని అడిగారు. వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. రెండు ముక్కల్లో చెప్పి పంపేశాను. అవి చాలవని ఇంటికెళ్లాక అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

పిల్లలు విల్లు అడగడంలో వింత లేదు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆమెది కప్పీలుండే కాంపౌండ్ విల్లు. 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో బొమ్మదేవర ధీరజ్ జోడీ నాలుగో స్థానంలో నిలిచింది. అతనిది రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగి ఉండే విల్లు. మనం పిల్లలకు చెక్కతో చేయించాలనుకునేది ఈ రకమే.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు తమ్ముడికి 12 ఏళ్లు. మొదటి జీతంతో వాడికి విల్లు చేయించాను. చేసేవాళ్లు "ఎన్ని పౌండ్లది కావాలి?" అని అడిగారు. తక్కువ పౌండ్లదైతే ఏడాదికే మళ్లీ కొనాలి కదా అని లెక్క వేశాను. యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టే, "30 పౌండ్లది చేయండి, పెరిగే పిల్లాడు" అన్నాను.

విల్లు చూసి వాడు ఎగిరి గంతేశాడు. నెల తిరిగేసరికి సాకులు మొదలయ్యాయి. ఒకరోజు హోమ్‌వర్క్, ఒకరోజు కడుపునొప్పి. "అంత డబ్బు పోసి కొన్నది మూల పెట్టడానికా?" అని తిట్టాను. ఒక రాత్రి అన్నం తింటూ ముద్ద నోటిదాకా ఎత్తలేక చెయ్యి దించేశాడు. అప్పుడు చెప్పాడు, "అక్కా, అది లాగితే భుజం నొప్పి పుడుతోంది. నీ మొదటి జీతం కదా, చెప్పలేకపోయాను."

భుజం కొన్నాళ్లకు తగ్గింది. వాడు మాత్రం మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ 30 పౌండ్లు ఇప్పుడు సులువుగానే లాగగలడు. కానీ లాగాలని లేదు. విల్లు బీరువా మీదే ఉంది.

తర్వాత కోచ్‌ల దగ్గర నేను తెలుసుకున్నవి ఇవి. పిల్లవాణ్ణి రెండు చేతులూ బార చాపమనండి. బారను అంగుళాల్లో కొలిచి 2.5తో భాగిస్తే, వాడు తాడును ఎంత దూరం లాగుతాడో సుమారుగా తెలుస్తుంది. బార 60 అంగుళాలైతే 24. విల్లు మీద రాసే పౌండ్లు మామూలుగా 28 అంగుళాలు లాగినప్పటివి. తక్కువ లాగితే బరువూ తగ్గుతుంది. అందుకే ఆర్డరిచ్చేటప్పుడు రెండు అంకెలూ చెప్పండి. పూర్తిగా లాగి, పది లెక్కపెట్టేదాకా వణకకుండా పట్టుకోగలిగితేనే ఆ విల్లు వాడిది.

డబ్బు మిగిలే దారి వేరే ఉంది. మధ్యలో చెక్క పిడి, పైనా కిందా బోల్టులతో బిగించే రెండు లింబ్‌లు ఉండే టేక్‌డౌన్ విల్లు అడగండి. పిల్లాడు పెరిగితే లింబ్‌లు మాత్రమే మార్చుకోవచ్చు. అయితే ఒకరు చేసిన లింబ్‌లు ఇంకొకరి పిడికి సరిపోకపోవచ్చు. రెండేళ్ల తర్వాత కూడా ఇదే పిడికి లింబ్‌లు చేసిస్తారా అని ముందే అడగండి. ఏ కన్ను బలమైనదో కోచ్‌తో చూపించాకే కుడిచేతిదా, ఎడమచేతిదా తేల్చండి. మొత్తం డబ్బు విల్లుకే పెట్టకండి. బాణాలు, చేతికి ఆర్మ్ గార్డ్, వేళ్లకు ట్యాబ్ కూడా కావాలి. పోటీలకు పంపే ఆలోచన ఉంటే, ఏ విభాగానికి ఏ విల్లు ఒప్పుకుంటారో కోచ్‌ని ముందే అడగండి. చెక్క, వెదురు విల్లులకు మన దేశంలో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది.

బాణం లేకుండా తాడు లాగి వదలకూడదు, విల్లు విరిగిపోవచ్చు. ఎండలో నిలిపిన కారులో విల్లు ఉంచకండి. కోచ్ లేకుండా మేడ మీద సాధన అసలే వద్దు.

ఇప్పుడు క్లాసులో ఎవరైనా రోజుకో సాకు చెబుతుంటే, తిట్టబోయి ఆగుతున్నాను. ముందు వాడి చేతిలో నేను పెట్టిన పాఠం ఎన్ని పౌండ్లదో చూసుకుంటున్నాను. మొన్న ఒకరికి రెండు పేజీల వ్యాసం బదులు ఐదు వాక్యాలు ఇచ్చాను. ఏడు రాసి తెచ్చాడు.

ఆ అమ్మగారూ, ఈసారి మీటింగ్‌కి బాబుని కూడా తీసుకురండి. టేపు నేను తెస్తాను, బార కొలుద్దాం.