వెలుతురు బాకీ

గోస్తనీ తీరాన ఉన్న తణుకు మా ఊరు. 1984లో, ఇంటర్మీడియట్ తప్పిన వేసవిలో, మా నాన్నగారు నన్ను ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిర్చారు. అక్కడి గురువుగారు ఆరు నెలలపాటు నాచేత కెమెరా ముట్టించలేదు. నేల ఊడవడం, ట్రేలు కడగడం, చీకటిగదిలో ఎర్రదీపం కింద నిలబడి తెల్లకాగితం మీద మనుషుల ముఖాలు మెల్లమెల్లగా తేలిరావడాన్ని చూడడం - ఇదే నా చదువు. “ఫోటో మనం తీసేది కాదురా అబ్బాయ్, ఎదుటివాడు ఇచ్చేది” అనేవారాయన. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.

1986 శీతకాలంలో గురువుగారి కెమెరా అరువు తెచ్చుకొని కొల్లేటికి వెళ్లాను. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకున్న ఆ మంచినీటి సరస్సులో తెల్లవారుజామున గూడబాతులు బారులు తీరి ఎగురుతున్నాయి. ఒక లంక గ్రామం దగ్గర, తాటిదోనెలో వల సర్దుకుంటున్న వృద్ధుడొకడు నన్ను చూసి నవ్వాడు. ఏటవాలు ఎండ అతని ముఖం మీద పడుతున్నది. నేను మీట నొక్కాను. అతడు దోనెను ఒడ్డుకు చేర్చి, “మా ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదండి బాబుగారూ. ఓ కాపీ మాకూ పంపండి” అన్నాడు. తప్పకుండా పంపుతానని చెప్పి, అతని పేరు, ఊరు ఒక సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్నాను. పంపలేదు.

మరుసటి ఏడాది బతుకుతెరువు వెతుక్కుంటూ సికింద్రాబాదు చేరాను. భాషలో యాస వేరు, వీధుల తీరు వేరు. కొత్తచోట నాకు ధైర్యమిచ్చినవాడు నాకంటే వందేళ్లముందు ఆ ఊరికే వలస వచ్చిన మరొక ఛాయాగ్రాహకుడు - రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించాడు. రూర్కీలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, ఇందూరులో ప్రభుత్వోద్యోగంలో చేరాడు. అభిరుచిగా చేపట్టిన ఛాయాచిత్రణమే క్రమంగా ఆయన జీవితమయింది. మధ్యభారతంలోని దేవాలయాలను, కోటలను చిత్రించి పేరు గడించాడు. ఉద్యోగం వదలి సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. నవాబుల వైభవాన్నే గాక, కరవుకాలంలో సాగిన సహాయక కార్యక్రమాలను కూడా ఆయన స్టూడియో చిత్రించింది. 1905లో కన్నుమూశాడు. ఆ స్టూడియోకు చెందిన రెండువేల ఎనిమిది వందలకు పైగా గాజుపలకల నెగటివులు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

దీన్‌దయాళ్ జీవితంలో నన్ను అన్నిటికంటె ఆలోచింపజేసింది 1892 నాటి ఒక సంగతి. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటు చేశాడు. అక్కడ ఫోటోలు తీసే బాధ్యతను ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించాడు. అంతటి ప్రసిద్ధుడు, తన కన్ను పోకూడని చోటొకటి ఉన్నదని గ్రహించాడు. కెమెరా చేతిలో ఉన్నంత మాత్రాన ఎదుటివారి మీద మనకు హక్కు రాదు. వారి మర్యాద మన చిత్రం కంటె పెద్దది.

ఈ విషయం చదివిననాడు తలదించుకున్నాను. అప్పటికే కొల్లేటి వృద్ధుని ఫోటోకు ఒక పోటీలో బహుమతి వచ్చింది. చూసినవారందరూ ఆ వెలుగునీడలను మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను. ఆ నవ్వు ఎవరిదని ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తొలగించారు. ఆ సందర్భంలో చిత్రాల కోసం మళ్లీ అక్కడికి వెళ్లాను. ఈసారి సంచిలో పాత ఫోటో ఉన్నది. సిగరెట్టు పెట్టె అట్ట కూడా ఉన్నది.

ఆ ఇల్లు చూపించారు. వృద్ధుడు పోయి ఎనిమిదేళ్లయిందట. కూతురు ఫోటో అందుకొని చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “నాన్న ఇలా నవ్వేవాడని మరిచిపోయామండి” అన్నది. కాసేపాగి, “మా అమ్మ పోయేదాకా టపా అబ్బాయిని అడుగుతూనే ఉందండి, తణుకు నుంచి ఏమైనా వచ్చిందా అని” అన్నది. ఆమె స్వరంలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో!

ఆనాడు నేను కెమెరా సంచి విప్పలేదు. ఆమే స్వయంగా, “మమ్మల్ని కూడా ఒకటి తియ్యండి, నాన్న ఫోటో పట్టుకుంటాం” అని పిల్లలను పిలిచిన తరువాతనే తీశాను. గురువుగారి మాట అప్పుడు బోధపడింది. ఆమె ఇచ్చింది, నేను పుచ్చుకున్నాను.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ కెమెరా ఉన్న సెల్‌ఫోన్లున్నాయి. చీకటిగది అక్కరలేదు, ఎదురుచూపూ అక్కరలేదు. అడగకుండా తీయడం, తీసి ఊరంతా పంచడం క్షణాల మీద జరిగిపోతున్నాయి. ఫోటో తీయడం ఎంత సులువైనా, ఎదుటివారి పట్ల మన బాధ్యత మాత్రం తగ్గలేదు. వారి ముఖం వారిదే. మనం తీసుకున్నది అప్పు.

నా దగ్గర ఒక పుస్తకం ఉన్నది. నేను ఫోటో తీసిన ప్రతివారి పేరు, చిరునామా అందులో రాస్తాను. మొదటి ప్రతిని వారికి చేర్చి, పేరు ఎదుట ఒక టిక్కు పెడతాను. మొదటి పుటలో మొదటి పేరు ఆ కొల్లేటి వృద్ధునిది. ఫోటో ఇచ్చివచ్చాను గనుక టిక్కు పెట్టవచ్చు. కాని టపా కోసం ఎదురుచూసి పోయిన ఆ ఇల్లాలు గుర్తుకువస్తుంది. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది.