వేణ్నీళ్ల లెక్క

వేణ్నీళ్లంటే ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ ఓ పని. పెరట్లో రాళ్ల పొయ్యి, దాని మీద రాగి కాగు, కింద కొబ్బరి మట్టలు. ముందు లేచినవాళ్లు మంట పెడితే, వెనక లేచినవాళ్లు తోడుకునేవారు. ఆ తర్వాత హీటరు కడ్డీ వచ్చింది. అదీ పోయి గోడకు గీజరు వేలాడింది. పని తగ్గిందిగానీ ఎదురుచూపులు తగ్గలేదు.

హైదరాబాదులో ఓ రెండు పడగ్గదుల ఫ్లాటు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, డెబ్భై దాటిన అత్తగారు. బోరు నీళ్ల ఉప్పుకి పాతికలీటర్ల గీజరు ట్యాంకు చిల్లుపడింది. అలాంటిదే మళ్లీ కొనాలా, ట్యాంకు లేనిది తెచ్చుకోవాలా అని ఇంట్లో చర్చ మొదలైంది.

ఆయన మనసు గ్యాస్ గీజరు మీదికి పోయింది. పంపు తిప్పితే చాలు, ధారగా వేడినీళ్లు. కరెంటు పోయినా బెంగలేదు. బిగించడానికి వచ్చినతను స్నానాలగదిలోనే పెట్టేస్తానన్నాడు. ఆ గదికి ఉన్నది జానెడు కిటికీ. చలికాలంలో అదీ మూసేస్తారు. ఇల్లాలు ససేమిరా అంది.

ఆమె భయం ఉత్తది కాదు. గాలి ఆడని గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా దాన్నే పట్టుకుంటుంది. తల తిరుగుతుంది, కాళ్లు తేలిపోతాయి. ఆపద అని తెలిసేసరికి గడియ తీసే ఓపిక కూడా మిగలదు. అత్తగారికేమో లోపల గడియ వేసుకోనిదే స్నానం సాగదు. గ్యాస్ గీజరు ఎప్పుడూ గది బయట, గాలి బాగా ఆడేచోటే ఉండాలి. ఆ ఫ్లాటులో అలాంటి చోటే లేదు.

చివరికి 3 కిలోవాట్ల కరెంటు ఇన్‌స్టంట్ గీజరు తెచ్చారు. ట్యాంకు లేదన్న మాటేగానీ, లోపల రెండు మూడు లీటర్లు పట్టే చిన్న డబ్బా ఉంటుంది. ఇది 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పాత సన్నవైరు తీసేసి మందపాటిది, 16 ఆంపియర్ల సాకెట్టు, విడిగా ఎంసీబీ వేయించాల్సి వచ్చింది. అదో అదనపు ఖర్చు.

ఇక లెక్క చూద్దాం. చలికాలంలో 20 డిగ్రీలున్న 15 లీటర్ల బకెట్టు నీళ్లు 40 డిగ్రీలకు కాగాలంటే దాదాపు మూడోవంతు యూనిట్ కాలుతుంది. బకెట్టు నిండటానికి ఏడు నిమిషాలు. పాతదైతే ఒక్కరి స్నానానికైనా పాతికలీటర్లూ కాగాలి. యూనిట్‌కు తక్కువ కాదు, అరగంట ఆగాలి. అయితే బకెట్టు నీళ్లకు కావలసిన వేడి ఏ గీజరులోనైనా ఒకటే. మిగిలేదల్లా వాడకుండా చల్లారిపోయే నీళ్ల ఖర్చే. అందరూ వరసగా స్నానాలు చేసే ఇంట్లో బిల్లు సగమైపోతుందని ఆశపడక్కర్లేదు. ధార కూడా సన్నం. షవరు కింద గంటలు గడిపే పెద్దబ్బాయి సణుగుడు ఇంకా ఆగలేదు. అరకు, లంబసింగిలాంటి చలి ఊళ్లలోనైతే ఆ ధార మరింత సన్నబడుతుంది.

మరి లాభం ఎవరికి? అత్తగారికి. ఇన్నాళ్లూ పిల్లల స్కూలు, కొడుకు ఆఫీసు అయ్యాకే ఆమె స్నానం. అప్పటికి ట్యాంకులో మిగిలేవి గోరువెచ్చని నీళ్లే. మళ్లీ స్విచ్చి వేస్తానంటే, ‘నాకెందుకమ్మా కరెంటు దండగ, ఇవి చాల్లే’ అనేవారు. మోకాళ్ల నొప్పులున్నా ఆ మాట మార్చలేదు. ఇప్పుడు మొదటి బకెట్టుకీ అయిదో బకెట్టుకీ ఒకటే వేడి. మిగిలిన నీళ్లన్న మాటే లేదు కాబట్టి, మిగిలినవాటితో సరిపెట్టుకునే అవసరమూ లేదు.

ఆమె ఇప్పుడు అందరికంటే ముందే, తెల్లారుజామునే స్నానం ముగించి దీపం పెట్టేస్తున్నారు. ‘గడియ మాత్రం వేసుకోకండి అత్తయ్యా’ అని కోడలు రోజూ చెబుతూనే ఉంది. ఆమె వేసుకుంటూనే ఉన్నారు.