ఎడమ చక్రం ‘టక్’ మంది

మా అంబాసిడర్ ముందు ఎడమ చక్రం దగ్గర ‘టక్’ మని చప్పుడు మొదలైంది కిందటి కార్తీకంలో. అమ్మని సముద్ర స్నానానికి రేపల్లె నుంచి సూర్యలంక తీసుకెళ్తున్నాను. చెరుకుపల్లి దాటి కర్లపాలెం వైపు పోతుంటే ఒక కల్వర్టు దగ్గర చిన్న గుంత. పెద్దదేం కాదు. దిగింది, ఎక్కింది, ‘టక్’. ఆ తర్వాత స్పీడు 50 దాటితే చాలు, స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణకడం. 40కి దించితే మళ్లీ బుద్ధిమంతురాలు.

“ఏంట్రా ఆ చప్పుడు?” అంది అమ్మ వెనక సీట్లోంచి.

“రోడ్డు బాలేదమ్మా” అన్నాను.

అదే ముక్క ఆ తర్వాత మూడు నెలలు నాకు నేనే చెప్పుకున్నాను. మా డెల్టాలో రోడ్ల మీద నెపం వెయ్యడం తేలిక. కింద నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. పైన తారు ఎంత నున్నగా పోసినా కొన్నాళ్లకి అలలు తేలుతుంది. కారు ఊగితే రోడ్డుదే తప్పనుకోవడం మాకు అలవాటు.

ఈ కారు మా నాన్నది. 1986 మోడల్, మార్క్ 4. ఆయన పోయి నాలుగేళ్లయింది. “అమ్మేయ్ అన్నయ్యా, దానికి పెట్టే ఖర్చుతో కొత్త కారు వాయిదాలు కట్టొచ్చు” అని తమ్ముడు ఎప్పుడు వచ్చినా అంటాడు. పాత ఇనుప సామాన్లతను అయితే వాకిట్లో నిలబడి ధర కూడా చెప్పి వెళ్లాడు. నేను ఉంచుకున్నది నాన్న మీద ప్రేమతోనేనని అందరూ అనుకుంటారు. అసలు సంగతి అమ్మ మోకాళ్లు. అమ్మకి 78. చిన్న కార్లలోకి కూలబడాలి, పెద్ద కార్లలోకి పాకాలి. అంబాసిడర్ వెనక సీటు సరిగ్గా మంచం ఎత్తున ఉంటుంది. కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే అయిపోయింది.

బాపట్లలో ఒక టైర్ల షాపులో చూపించాను. వీల్ బ్యాలెన్సింగ్ చేశారు, అలైన్‌మెంటు చేశారు, కంప్యూటర్ తెర మీద పచ్చ గీతలు చూపించి డబ్బు తీసుకున్నారు. వారం బాగానే ఉంది. మళ్లీ మొదలు. ఈలోగా ఎడమ టైరు లోపలి అంచు గుండులా నున్నబడింది. ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించాను. నెల తిరక్కుండా కొత్త టైరు కూడా అదే అంచున అరగడం మొదలైంది. అప్పుడు నిజంగానే తమ్ముడికి ఫోన్ చేసి, “సరేరా, ఆ ఇనుప సామాన్లతని నంబరు ఉందా?” అన్నాను.

తమ్ముడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. “ఒకసారి తెనాలి బాబాయ్‌కి చూపించకూడదూ?” అన్నాడు.

తెనాలి బాబాయ్ అంటే మాకు చుట్టమేం కాదు. నాన్న ఎప్పుడూ వెళ్లే మెకానిక్. కాలవ పక్కన రేకుల షెడ్డు. నాన్న పోయాక నేను అటు వెళ్లలేదు. భట్టిప్రోలు, వేమూరు మీదుగా 40 దాటకుండా నడుపుకుంటూ వెళ్లాను. వెనక లారీల వాళ్లు హారన్ కొడుతూనే ఉన్నారు.

బాబాయ్ బానెట్ ఎత్తలేదు. ఎడమ ఫెండర్ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. ఒక ఊపు ఊగి ఆగాల్సింది, నాలుగు ఊగింది. “షాక్ అబ్జార్బర్ పోయింది. అది ఒకటి” అన్నాడు. తర్వాత జాకీ వేసి చక్రం నేల మీంచి లేపాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని, తలుపు ఊపినట్టు తనవైపుకీ అటువైపుకీ ఊపాడు. ‘టక్ టక్’. నా గుండెల్లో కొట్టినట్టయింది. మూడు నెలలుగా నేను వింటున్న చప్పుడు అదే.

“బేరింగా బాబాయ్?” అన్నాను.

“చూద్దాం” అని కుర్రాణ్ని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నాడు. బ్రేకు పట్టుకుంటే హబ్బు బిగుసుకుపోతుంది. ఆట బేరింగులో ఉంటే అప్పుడు ఆగిపోతుంది. మళ్లీ ఊపాడు. ఆగలేదు. “బేరింగు కాదు బాబూ. కింద లింకు.” చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని కూడా ఊపి చూశాడు. అక్కడ ఆట లేదు, అంటే స్టీరింగ్ రాడ్లు బాగున్నట్టే. యంత్రాలేం లేవు. టార్చి లైటు, ఒక కుర్రాడు, రెండు చేతులు. అయిదు నిమిషాల పని. ఆట ఉన్న చక్రానికి అలైన్‌మెంటు చెయ్యడమంటే ఊగే బల్ల మీద తక్కెడ పెట్టి బంగారం తూచడమేనని నాకప్పుడు తెలిసింది.

అంబాసిడర్ ముందు భాగంలో స్ప్రింగు చుట్టలు ఉండవు. కారు పొడుగునా చక్రానికొకటి చొప్పున ఉక్కు కడ్డీలు ఉంటాయి. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలిపడుతుంది, మళ్లీ విప్పుకుంటుంది. ఆ మెలికే స్ప్రింగు. 1948లో వచ్చిన మోరిస్ మైనర్‌కి అలెక్ ఇసిగోనిస్ పెట్టిన ఏర్పాటు అలాంటిదే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ద్వారా మన ఉత్తరపారా ఫ్యాక్టరీకి వచ్చి, 2014లో అంబాసిడర్ ఆగిపోయేదాకా నడిచింది. స్టీరింగ్ తిరిగినప్పుడల్లా కింద లింకులో మర మీద మర తిరుగుతుంది. ఆ మరలకి గ్రీజే ప్రాణం.

విప్పేటప్పుడు బాబాయ్ కుర్రాణ్ని దూరంగా నిలబడమని కసిరాడు. కింద ఆర్మ్‌కి వేరే జాకీ ఆనించాకే పానా పట్టుకున్నాడు. మెలిపడి ఉన్న కడ్డీ బలమంతా ఆ ఆర్మ్ మీదే ఉంటుంది, ఆధారం లేకుండా వదిలితే చెయ్యి పోతుందట. తీరా చూస్తే, లింకు తిప్పి విప్పాల్సిన పనే లేకుండా లాగితే చేతిలోకి ఊడొచ్చింది. మర చుట్లు కొన్ని కత్తి అంచులా పలచబడ్డాయి, కొన్ని అసలు లేనే లేవు.

బాబాయ్ దాన్ని నా అరచేతిలో పెట్టాడు. “ఇది జారితే చక్రం మడత పడుతుంది. కారు ఆ మూల నేలకి కూలబడుతుంది. ఎవరెవరు తిరుగుతున్నారు ఇందులో?”

“అమ్మ” అన్నాను.

“గ్రీజు ఎప్పుడు పెట్టావు?”

నేను మాట్లాడలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం నాన్న కారు కింద దూరేవాడు. నేను వీధిలోంచి వస్తూ చూసేవాణ్ని, అంతే. సర్వీసింగ్ అంటే ఆయిలు మార్చి, నీళ్లతో కడిగించడమే అనుకున్నాను. నాలుగేళ్లుగా ఆ నిపుల్స్ మీద మట్టి గడ్డకట్టి ఉంది.

సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. చవకవీ ఉన్నాయి, పాత స్టాకువీ ఉన్నాయి. బాబాయ్ పెట్టెలు చూడలేదు. లింకుని పిన్నుకి చేత్తో ఎక్కించి తిప్పి చూశాడు. పట్టకుండా తిరగాలి, అటూ ఇటూ కదలకూడదు. మూడోది నచ్చింది. ఎడమవైపుకి ఎడమదే కావాలి, కుడివైపుది పనికిరాదు. కుడిది కూడా కొనమన్నాడు. కొన్నాను.

బిగించాక కూడా కారు ఎడమకి ఒరిగినట్టే ఉంది. సమమైన నేల కావాలని పక్కనే ఉన్న రైస్ మిల్లు సిమెంటు కళ్లంలోకి నడిపించాడు. టేపుతో కొలిస్తే రెండు వైపులకీ అంగుళం తేడా. ఏళ్ల తరబడి బరువు మోసి ఎడమ కడ్డీ కాస్త నీరసించింది. వెనక దాని బిగింపు విప్పి, సర్ది, మళ్లీ బిగించాడు. కారుని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించి, ఊపి, కుదురుకోనిచ్చి మళ్లీ కొలిచాడు. రెండోసారికి సరిపోయింది. అలైన్‌మెంటు ఆ తర్వాతే.

తిరిగి వచ్చేటప్పుడు వేమూరు దాటాక 60 దాకా తొక్కాను. రెండు వేళ్లతో స్టీరింగ్ పట్టుకుని. అలల రోడ్డు అలాగే ఉంది.

బాబాయ్ లేబరు ఎంత తీసుకున్నాడో తమ్ముడికి చెబితే నమ్మలేదు. టైర్ల షాపులో పోసినదాంట్లో సగం కూడా కాదు.

మొన్న ఆదివారం జాకీ వేసి, చక్రం గాల్లో ఉంచి, గ్రీజు గన్ పట్టుకుని కిందికి దూరాను. బరువు లేకుండా ఉంటేనే గ్రీజు మర అంతటికీ పాకుతుందట. నల్లటి పాతది బయటికి వచ్చి, వెనకే కొత్తది కనబడేదాకా కొట్టాను. అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది.

“ఎడమవైపు కింద పెట్టావా?” అంది.

నాన్నని కూడా ప్రతిసారీ అదే అడిగేదట.

“పెట్టానమ్మా.”